సంతకం చేసే సాలీడు

సూరత్‌లో వానలు వెనుదిరిగే వేళ, తాపీ నది ఒడ్డు పొదల్లోనో, పాత షెడ్ల వెనుక ఏపుగా పెరిగిన పిచ్చిమొక్కల మధ్యనో ఒక చిత్రమైన గూడు కనిపిస్తుంది. బండిచక్రంలా గుండ్రంగా అల్లిన ఆ గూటి నడుమ, తెల్లటి పట్టుదారంతో మెలికలు మెలికలుగా కుట్టుపని చేసినట్టు నాలుగు గీతలు ఉంటాయి. గుణకారం గుర్తులా అవి మధ్యలో కలుసుకునే చోట, ఎనిమిది కాళ్లను రెండేసి చొప్పున జతకట్టి, పసుపు, గోధుమ పట్టీల సాలీడు తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. దాని కాళ్లెక్కడ ముగిశాయో, అది కుట్టిన గీత ఎక్కడ మొదలైందో తొలిచూపులో పోల్చుకోవడం కష్టం. ఈ గీతలను చూసే ఇంగ్లీషు మాట్లాడే లోకం దీనికి ‘సిగ్నేచర్ స్పైడర్’ అని పేరు పెట్టింది. సంతకం చేసే సాలీడు అన్నమాట.

పన్నెండు గంటల రాత్రి షిఫ్టు ముగించి లింబాయత్‌లోనో, ఉధనాలోనో మరమగ్గాల షెడ్డులో నుంచి వెలుపలికి వచ్చే తెలుగు కార్మికుడికి ఆ గూటిని పరిచయం చేయనక్కరలేదు. అతని కులం పేరూ ఆ పురుగు పేరూ ఒకటే. సాలె అంటే నేతగాడు. పద్మసాలె, పట్టుసాలె అన్న పేర్లలో ఉన్న మాటే సాలీడులోనూ, సాలెపురుగులోనూ, సాలెగూటిలోనూ ఉంది. కొన్ని భాషలు ఈ జీవిని దాని విషాన్ని బట్టో, వేటను బట్టో తలచుకుంటే, తెలుగు దాని పనితనాన్ని బట్టి పిలిచింది. వేటగాడిని కాక నేతగాడిని దానిలో చూసింది.

అక్కడితో ఆగకుండా తెలుగువారు దానికి గుడి కూడా కట్టారు. శ్రీకాళహస్తి అన్న క్షేత్రనామంలో ‘శ్రీ’ అంటే సాలెపురుగు, ‘కాళ’ అంటే పాము, ‘హస్తి’ అంటే ఏనుగు. శివలింగానికి తన దారంతో మండపాలూ ప్రాకారాలూ అల్లి అలంకరించిన సాలీడు, దీపజ్వాల తగిలి ఆ అల్లిక కాలిపోతుంటే, ఆ మంటనే మింగబోయి ముక్తి పొందిందని స్థలపురాణం. పదహారో శతాబ్దంలో ధూర్జటి ఈ కథను ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’లో కావ్యం చేశాడు. సాలీడు గూటికి అలంకారం ఎందుకు, ఎవరి కోసం అన్న ప్రశ్నకు తెలుగు ఊహ ఇచ్చిన సమాధానం అది: దేవుడి కోసం. అలంకరించిన జీవికి దక్కేదేమిటి అన్న ప్రశ్నకూ అందులోనే జవాబు ఉంది. ముందు మంట, తరువాత ముక్తి.

శాస్త్రం ఇదే ప్రశ్నను వేరే దారిలో అడిగింది, ఇంకా అడుగుతూనే ఉంది. భారతదేశంలో విస్తారంగా కనిపించే ఈ సాలీడు శాస్త్రీయ నామం ‘ఆర్గియోపె అనసూజ’. 1887లో స్వీడన్ శాస్త్రవేత్త టామెర్లాన్ థోరెల్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆ పేరు వినగానే తెలుగు పాఠకుడి మనసులో అనసూయ మెదలక మానదు. గూడు అల్లేదీ, సంతకం చేసేదీ ఈ జాతిలో ఆడ సాలీడే. మగది దానికంటే చాలా చిన్నది. గూటి అంచున ఎక్కడో బెదురుతూ కనిపిస్తుంది.

ఆ గీతల పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం మరింత పెరుగుతుంది. చక్రపు గూడు అల్లే సాలీడు కడుపులో ఒకటి కాదు, అనేక రకాల పట్టుగ్రంథులు ఉంటాయి. చక్రానికి ఆకుల్లాంటి గట్టి దారాలు ఒక గ్రంథి నుంచి, పురుగు తగిలితే సాగే మెత్తని దారాలు మరొక గ్రంథి నుంచి, వాటికి పూసే జిగురు ఇంకొక గ్రంథి నుంచి వస్తాయి. పడుగు ఒక దారం, పేక మరొక దారం. సంతకానికి వాడేది ఈ రెండూ కాదు. పురుగు గూటిలో పడ్డప్పుడు దాన్ని కదలకుండా చుట్టి కట్టేయడానికి సాలీడు పట్టీలు పట్టీలుగా వదిలే తెల్లటి దారం ఒకటుంది. గూటి నడుమ ముగ్గు వేసేది ఆ దారంతోనే. అలంకారానికీ, శవవస్త్రానికీ నూలు ఒకటే.

ఈ ముగ్గు దేనికి? పంతొమ్మిదో శతాబ్దం చివర ఫ్రెంచి శాస్త్రవేత్త యూజీన్ సిమోన్ చెప్పిన జవాబు ఇంజనీరు చెప్పే జవాబు లాంటిది. గూడు గాలికి ఊగిపోకుండా అది ఊతమిస్తుందన్నాడు. అందుకే దానికి ‘స్టెబిలిమెంటమ్’ అనే పేరు స్థిరపడింది. కానీ ఆ పట్టీ గూటికి బిగుతుగా అతుక్కొని ఉండదు. వదులుగా వేలాడుతుంది. అది లేని గూళ్లూ చక్కగానే నిలబడతాయి. ఒకే సాలీడు ఒకరోజు నాలుగు చేతుల గుర్తు వేస్తుంది, మరునాడు రెండు గీతలతో సరిపెడుతుంది, ఇంకొక రోజు ఏమీ వేయకుండానే ఊరుకుంటుంది. గోడకు ఆధారమైన స్తంభాన్ని ఏ మేస్త్రీ రోజుకొక తీరున కట్టడు. పేరు మిగిలింది గాని వాదం నిలవలేదు.

అప్పుడు దృష్టి ఊతం నుంచి చూపు మీదికి మళ్లింది. పగటిపూట గూటి మధ్యలోనే కూర్చునే జాతులే ఎక్కువగా ఈ ముగ్గులు వేస్తాయి. రాత్రి అల్లి, తెల్లవారేసరికి దాక్కునే జాతుల్లో ఇవి అరుదు. కాబట్టి ఇది ఎవరో చూడటానికి వేసిన గుర్తే అయి ఉండాలి. ఎవరు చూడటానికి?

అమెరికాలో థామస్ ఐస్నర్, స్టీఫెన్ నొవిక్కీ 1983లో చేసిన ప్రయోగం చాలా సరళమైనది. ముగ్గు వేయని సాలీళ్ల గూళ్లకు వాళ్లు కృత్రిమంగా గుర్తులు తగిలించారు. ఉదయపు వేళ ఎగిరే పక్షుల దారిలో, గుర్తు లేని గూళ్లు చాలావరకు చిరిగిపోగా గుర్తు ఉన్నవి ఎక్కువగా మిగిలాయి. అంటే ఇది పక్షికి హెచ్చరిక, ‘ఇక్కడ నా కష్టం ఉంది, పక్కకు తప్పుకో’ అని చెప్పే బోర్డు. 1990లో కేథరిన్ క్రెయిగ్, గ్యారీ బెర్నార్డ్ ఇందుకు విరుద్ధమైన సంగతి చెప్పారు. ఈ పట్టు అతినీలలోహిత కాంతిని ప్రతిఫలిస్తుంది. మనిషి కంటికి కనిపించని ఆ కాంతి కీటకాల కంటికి కనిపిస్తుంది. పువ్వు అనుకుని వచ్చే పురుగుకు ఇది ఎర అన్నారు. ఒకే గీత ఒకరికి ‘రావద్దు’ అని, ఇంకొకరికి ‘రా’ అని వినిపిస్తున్నదన్నమాట.

1999లో టాడ్ బ్లాక్‌లెడ్జ్, జాన్ వెంజెల్ లెక్క కట్టి చూస్తే ఈ వ్యాపారం అంత లాభసాటిగా కనిపించలేదు. వాళ్లు గమనించిన జాతిలో ముగ్గు ఉన్న గూళ్లకు దాదాపు 30 శాతం తక్కువ ఆహారం చిక్కింది. గుర్తు కనిపించడం వల్ల పురుగులు కూడా తప్పుకున్నాయి. అయినా సాలీడు గుర్తు వేస్తున్నదంటే, ఆకలికి మించిన భయం ఏదో ఉండాలి. మట్టిగూళ్లు కట్టే కందిరీగలు సాలీళ్లను ఎత్తుకుపోయి పిల్లలకు మేపుతాయి. ముగ్గు వేసుకున్న సాలీడు ఆ దాడి నుంచి తప్పించుకునే అవకాశం ఎక్కువని 2001లో ఆ ఇద్దరే చూపించారు. సరిగ్గా అదే ఏడాది ఆస్ట్రేలియాలో మాథ్యూ బ్రూస్, మేరీ హెర్బెర్‌స్టీన్, మార్క్ ఎల్గార్ మరో జాతిని పరిశీలించి మూడో మాట చెప్పారు. అక్కడ ముగ్గు పురుగులను రప్పించింది నిజమే. కానీ సాలీళ్లను తినే మాంటిస్ కీటకాన్ని కూడా రప్పించింది. 2025లో వెలువడిన మరొక అధ్యయనం చూపును పక్కనపెట్టి, పురుగు పడినప్పుడు గూటిలో పుట్టే కంపనాలు సాలీడును చేరే తీరులో ఈ పట్టీకి పాత్ర ఉందేమో వెతికింది.

నూరేళ్లకు పైబడిన ఈ తగవులో ఎవరూ పూర్తిగా ఓడలేదు, ఎవరూ పూర్తిగా గెలవలేదు. జాతిని బట్టి, చోటును బట్టి, చూసే కంటిని బట్టి జవాబు మారుతున్నది. ఇన్ని ప్రయోగాల్లోనూ మారకుండా నిలిచిన సంగతి ఒకటి ఉంది. కనబడటానికి ఒక ధర ఉంది. గుర్తు వేసినది మిత్రుడికి కనబడుతుంది, శత్రువుకూ కనబడుతుంది. ఆ లాభమూ ఆ నష్టమూ రెండూ గుర్తు వేసిన సాలీడువే.

మళ్లీ సూరత్‌కు వస్తే, అది అలంకారాన్నే వృత్తిగా చేసుకున్న నగరం. దేశంలో జరీకి పుట్టినిల్లు లాంటిది. వెండిని సన్నని తీగగా లాగి, ఆ తీగను రేకులా చదును చేసి, పట్టుదారం చుట్టూ చుట్టి, బంగారు పూత పూస్తే అసలు జరీ. కంచి చీర అంచులో, ధర్మవరం కొంగులో, గద్వాల బుటాలో మెరిసే దారంలో ఎంతో భాగం సూరత్ నుంచి వచ్చినదే. ఇక నగరమంతా పరచుకున్న ఆరు లక్షలకు పైబడిన మరమగ్గాలు దేశానికి చవక పాలిస్టర్ చీరనూ, డ్రెస్ మెటీరియల్‌నూ అందిస్తున్నాయి. ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు అత్యధికులు. వాళ్ల తరువాత ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర వాళ్లతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేనేత కుంగిన ప్రతిసారీ సాలెల కుటుంబాలు సోలాపూర్‌కూ, భివండీకీ, సూరత్‌కూ రైలెక్కాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే భాషల్లో ఈనాటికీ తెలుగు ఒకటి. సిరిసిల్లలో ‘సాంచె’ అని పిలుచుకునే మరమగ్గం చప్పుడు అక్కడా ఇక్కడా ఒకటే. మాట వినబడక సైగలతో మాట్లాడుకోవడమూ ఒకటే.

ఈ మగ్గాల మీద దిగే గుడ్డకు సంతకం ఉండదు. మీటరుకు ఇంత అని కూలి తీసుకునే కార్మికుడి చేతి నుంచి అది అద్దకం మిల్లుకు, అక్కడి నుంచి రింగ్‌రోడ్డు మార్కెట్లకు పోతుంది. తరువాత చీరగా మారి, ఇరుకు ఇళ్లలోని ఆడవాళ్ల ఒడిలోకి చేరుతుంది. వేలాడే దారాలు కత్తిరించడం, చమ్కీలు కుట్టడం, రాళ్లు అంటించడం వాళ్ల పని. చీరకు ఇంత అని లెక్క. వంటకూ పిల్లలకూ మధ్య, గుమ్మం దగ్గరి వెలుతురులో ఆ పని సాగుతుంది. గుర్తు వేసే సాలీడు ఆడదే అయినట్టు, సూరత్ చీరకు చివరి మెరుపు అద్దే చేయీ ఆడదే. తేడా ఒకటే. సాలీడు గుర్తు దాని గూటి మీదే ఉంటుంది. ఈమె వేసిన మెరుపు పైన ఎవరిదో బ్రాండు చీటీ అంటుకుంటుంది.

తెలుగు నేతగాడికి ఈ కథలో ఇంకొక మెలిక ఉంది. పోచంపల్లి ఇక్కత్ అంటే దారాన్ని నేయకముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ రంగులు మగ్గం మీద కలిసేటట్టు లెక్క కట్టే విద్య. ఆ గీతల అంచులు కొంచెం చెదిరినట్టు ఉండటమే దాని సంతకం. భౌగోళిక గుర్తింపు చట్టం కింద నమోదైన తొలి నేత కళల్లో అదొకటి. ఆ గుర్తింపు కొనేవాడికి భరోసా ఇచ్చింది, పోచంపల్లి పేరును దేశమంతటా కనబడేటట్టు చేసింది. కనబడిన చోటికే నకలు కూడా వచ్చింది. ఆ చెదిరిన అంచులతో సహా డిజైనును మిల్లు గుడ్డ మీద అచ్చొత్తి, పదోవంతు ధరకు అమ్మే బజారుకు సూరత్ ఒక పెద్ద కేంద్రం. నల్లగొండ పల్లెలో మగ్గం ఆగిపోయి సూరత్‌కు వచ్చిన వాడు నేసే తెల్లగుడ్డ మీదే, తన ఊరి డిజైను ముద్ర పడవచ్చు. ముగ్గు పురుగునూ మాంటిస్‌నూ ఒకేసారి పిలుస్తుందన్న ఆస్ట్రేలియా ప్రయోగం ఇక్కడ వేరే ప్రయోగశాల లేకుండానే రుజువవుతున్నది.

సంతకం అన్న మాట సూరత్‌లో 2024 ఏప్రిల్‌లో ఇంకొక అర్థం తెచ్చుకుంది. ఆ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా నామినేషన్ వేసిన నీలేష్ కుంభానీ పత్రాలను ఏప్రిల్ 21న తిరస్కరించారు. ఆయన పేరును ప్రతిపాదించినవారే, ఆ కాగితాల మీది సంతకాలు తమవి కావని అఫిడవిట్లు ఇచ్చారు. ప్రత్యామ్నాయ అభ్యర్థి పత్రాలూ నిలవలేదు. మరునాటికి మిగిలిన ఎనిమిది మంది అభ్యర్థులూ బరిలో నుంచి తప్పుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముఖేష్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటన వెలువడింది. మే 7న గుజరాత్ అంతా ఓటు వేస్తున్న రోజున సూరత్ స్థానంలో ఓటుయంత్రం తెరుచుకోలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం పోటీలో ఒక్కరే మిగిలితే పోలింగు అక్కరలేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ‘నోటా’ మీటకు కూడా అక్కడ చోటు లేదు. 16 లక్షలకు పైబడిన ఓటర్లకు ‘వీరెవరూ వద్దు’ అని చెప్పే వీలైనా మిగలలేదు.

ఇది చట్టం ప్రకారం సక్రమమేనా అన్నది న్యాయస్థానాల ముందు తేలవలసిన ప్రశ్న. ప్రజాస్వామ్యం కోణంలో మాత్రం ప్రశ్న చాలా చిన్నది. ఎవరెవరో పెట్టిన, పెట్టలేదన్న మూడు నాలుగు సంతకాల చుట్టూ కథ నడిచింది. లక్షల మంది వేలి మీది సిరా చుక్క, అంటే పౌరుడు ఐదేళ్లకొకసారి చేసే ఏకైక సంతకం, అవసరం లేకుండా పోయింది. తెలుగువారు ఎక్కువగా ఉండే లింబాయత్, ఉధనా శాసనసభ స్థానాలు సూరత్ లోక్‌సభ పరిధిలో లేవు, నవ్‌సారీలో ఉన్నాయి. అక్కడ ఓటింగు జరిగింది. అయితే మగ్గం మీద ఉన్న ఎంతమంది పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి, ఎంతమందివి ఇంకా సొంతూరి జాబితాలోనే ఉండి ఎవరికీ అక్కరకు రాకుండా పోతున్నాయి అన్నది ఏ ప్రచారసభలోనూ వినబడని మాట. వలస కూలీ రెండు ఊళ్లలోనూ నివసిస్తాడు. రాజకీయానికి మాత్రం ఏ ఊళ్లోనూ కనబడడు.

అతను ఒకసారి కనబడ్డాడు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ, కూలీ ఆగిపోయి, తిండి కరువై, ఇంటికి పంపమని అడుగుతూ వేలాది వలస కార్మికులు సూరత్ రోడ్ల మీదికి వచ్చారు. అంతవరకు ఈ నగరంలో అంతమంది ఉన్నారన్న సంగతే దేశానికి తెలియదు. కనబడిన మరుక్షణం రెండూ వచ్చాయి. ఒకపక్క టీవీ కెమెరాలు, ఆహార పొట్లాలు, కొన్ని వారాలకు శ్రామిక్ రైళ్లు. మరోపక్క లాఠీలు, అరెస్టులు, కేసులు. సాలీడు గీసిన గీతను పక్షీ చదివింది, కందిరీగా చదివింది. ఆ నెలలో ఆ కార్మికులు తెలిసే ఆ గీత గీశారు. ఆకలికి మించిన భయం సాలీడు చేత ముగ్గు వేయిస్తే, భయానికి మించిన ఆకలి వాళ్లను నడిపించింది.

అందుకే ఈ పురుగు వేసే ముగ్గును శిల్పమనో, వింత అనో చూసి ఊరుకోవడం సరిపోదు. దాని వెనుక ఒక లెక్క ఉంది. ఎంత కనబడాలి, ఎవరికి కనబడాలి, ఎంత నష్టానికి సిద్ధపడాలి అన్నది ప్రతిరోజూ ఆ సాలీడు తనకు తానే తేల్చుకుంటుంది. ఒకరోజు నాలుగు గీతలు, ఒకరోజు రెండు, ఒకరోజు ఏమీ లేవు. గీసే హక్కూ గీయకుండా ఉండే హక్కూ దానివే. సూరత్ నేతగాడికి కొరవడినది అందం కాదు, పనితనమూ కాదు. ఆ తేల్చుకునే చోటు. అతని గుడ్డ మీద ఎవరి గుర్తు పడాలో మార్కెట్టు తేలుస్తుంది. అతను ఏ జాబితాలో ఉండాలో అద్దె ఇంటి యజమాని ఇచ్చే కాగితం తేలుస్తుంది. అతను ఎప్పుడు కనబడాలో సంక్షోభం తేలుస్తుంది.

చక్రపు గూళ్లు అల్లే సాలీళ్లలో చాలావరకు పాతబడిన గూటిని పారవేయవు, తినేస్తాయి. ఆ పట్టులోని పోషకాలే మళ్లీ కడుపులో కరిగి, కొద్ది గంటల్లో కొత్త దారమై వెలికి వస్తాయి. నిన్నటి సంతకం ఇవాళ్టికి చెల్లదు, కానీ వృథా కూడా కాదు. లింబాయత్ షెడ్డు వెనుక రాత్రి షిఫ్టు వాళ్లు దిగి, పగటి షిఫ్టు వాళ్లు ఎక్కే ఏడు గంటల వేళకు, ఆ పిచ్చిమొక్కల మధ్య గూడు కొత్తగా అల్లి ఉంటుంది. ఆ దారిన పోయేవారిలో ఎవరో ఒకరు ఆగి, ఇవాళ గీతలెన్ని వేసిందో లెక్కపెట్టి, తరువాత లోపలికి వెళ్లి తన మగ్గం స్విచ్చి వేస్తారు.